చిన్నమ్మ ఎదురొచ్చిన వెలిగొండ ప్రయాణం

కొండలకు పోయొస్తానని చెప్పినప్పుడు మా ఇంట్లో మొదట వచ్చిన ప్రశ్న, "ఏం మొక్కుకున్నావురా?" అని. ఏమీ మొక్కుకోలేదన్నాను. "అయితే ఆ పక్క ఎవరన్నా పిల్లనిస్తామన్నారా?" లేదన్నాను. "మరి యాపారమా?" అదీ కాదన్నాను. ఊరికే చూసొద్దామని, ఒక్కణ్ణే మోటారు సైకిలు మీద పోయి, కొండల్లోనే డేరా వేసుకోని రెండు మూడు దినాలు ఉండి వద్దామని అన్నాను. మా నాయన వక్క కొరకడం ఆపి నన్ను ఎగాదిగా చూసినాడు. "కొండల్లో ఏముంటాయిరా చూసేదానికి? రాళ్ళుంటాయి. రాళ్ళే చూడాలనుకుంటే వాకాడు రోడ్డు పక్కన కుప్పలు పోసుండారు, పోయి చూసుకో. పెట్రోలు కూడా అక్కర్లే," అన్నాడు.

అరవైల మొదట్లో మాట ఇది. మాది వాకాడు పక్కన, సముద్రానికి దగ్గరగా ఉండే పల్లె. మా ఊళ్ళో అన్నిటికంటే ఎత్తైంది గడ్డివామి. దాని తర్వాత ఇసక దిబ్బలు. అంతకుమించి ఎత్తుకు ఎక్కిన మనిషి మా వంశంలో లేడు, టెంకాయ చెట్టెక్కి కిందపడిన మా ముత్తాత తప్ప. నేను నాయుడుపేటలో ఒక రైసుమిల్లులో ఇంజను చూసుకునే ఉద్యోగం చేసేవాణ్ణి. చలికాలం పొద్దున్నే మిల్లు రేకుల మీదకెక్కితే పడమటి పక్క నీలంగా ఒక గీత కనిపించేది. అవి వెలిగొండలు. వాటిని చూసి చూసి నాకు పిచ్చి పట్టింది. మిల్లులో ఎవర్ని అడిగినా అటు పోయినవాళ్ళు లేరు. పోవాలని అనుకున్నవాళ్ళు అసలే లేరు.

బండి మాత్రం ఉండింది. గూడూరు పక్క అభ్రకం గనిలో పనిచేసిన దొర ఒకాయన ఊరొదిలి పోతా పోతా అమ్మిన మోటారు సైకిలు. ఆయనతో ఇంగ్లీషులో మాట్లాడి అలవాటు పడిందేమో, నా మాట వినేది కాదు. మిల్లు ఇంజను అంత లావుది నేను చెయ్యేస్తే లేచేది. ఇది మాత్రం కిక్కు కొట్టీ కొట్టీ నా మోకాలు ఊడి చేతికొస్తే తప్ప లేచేది కాదు. లేచిందంటే మళ్ళీ ఊరు ఊరంతా లేచేది.

డేరా కుట్టించడం ఇంకో భాగవతం. మిల్లులో వడ్లమీద కప్పే పాత టార్పాలిను ఒకటి తీసుకుని, పక్క వీధిలో ఉండే దర్జీ సాయిబు దగ్గరికి పోయినాను. ఆయన చేతులు అద్భుతం, ఊళ్ళో పెళ్ళిళ్ళ షామియానాలన్నీ ఆయన కుట్టినవే. "డేరానా అన్నా? ఎంతమందికి భోజనాలు?" అన్నాడు. ఒక్కడికే అన్నాను. ఆయన నావైపు జాలిగా చూసినాడు. పెళ్ళి చెడిపోయిందనుకున్నాడో ఏమో. వారం తర్వాత పోతే డేరా బ్రహ్మాండంగా కుట్టిపెట్టినాడు, చుట్టూతా ఎర్రగుడ్డతో కుచ్చులు కూడా పెట్టినాడు. "ఈ కుచ్చులెందుకు భాయ్, నేను పోయేది అడివికి," అన్నాను. "కుచ్చుల్లేకపోతే దాన్ని కొట్టం అంటారన్నా, డేరా అనరు," అన్నాడు. ఆయనతో వాదించి గెలిచినవాళ్ళు నాయుడుపేటలో లేరు.

ఇక ప్రయాణానికి ముహూర్తం పెట్టాల. రాళ్ళు చూడబోయే వెధవకి ముహూర్తమెందుకని నేను అనుకున్నాను గానీ, మా నాయన పంచాంగం తీసి వర్జ్యాలు, రాహుకాలాలు తప్పించి ఒక పొద్దుట్ని పట్టుకున్నాడు. మా ఇంట్లో ఎవరు గడప దాటినా ఎదురు చూసుకోవాల. ఎదురుగా మంచి మనిషి వస్తే పోతాం, రాకూడని మనిషి వస్తే వెనక్కి తిరిగి లోపలికొచ్చి, కాసేపు కూర్చోని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదట్నుంచి బయల్దేరతాం. ఎవరు వస్తే ఎవరికేమవుతుందో మా అవ్వ, అంటే మా నాయన తల్లి, కళ్ళు మూసుకోని చెప్పేది. ఆ శాస్త్రంలో ఆమెకు తెలియంది లేదు. మా ఇంట్లో రాకూడని మనిషి ఒకరుండినారు. ఆమె మా చిన్నమ్మ.

చిన్నమ్మ మా నాయన తమ్ముడి భార్య. పెళ్ళయిన మరుసటేడే చిన్నాయన విషజొరమొచ్చి పోయినాడు. అప్పటికి ఆమెకు ఇరవై కూడా నిండలేదు. మా అమ్మకు పొలం, కూలోళ్ళు, అజమాయిషీ సరిపోయేది. నన్ను చంకనేసుకోని తిప్పింది, తల దువ్వింది, బడికి సద్ది కట్టింది అంతా చిన్నమ్మే. ఆమెకు మా ఇంట్లో ఏ లోటూ చేయలేదని మా అవ్వ ఊరంతా చెప్పుకునేది. నిజమే. గొడ్లు, పాలు, పిడకలు, అంట్లు, వడ్లు దంచడం, ఒకటేమిటి, అన్నీ ఆమెకే ఇచ్చినారు, దేంట్లోనూ లోటు చేయలేదు. దానికి బదులుగా అడిగింది ఒక్కటే. ఎవరన్నా ప్రయాణమైతే వెనక గదిలోకి పోయి తలుపేసుకోవాల. ఆమె చెప్పించుకోకుండానే పోయేది.

అయినా మా వంశంలో జరిగిన నష్టాలన్నీ ఆమె ఖాతాలోనే పడినాయి. మా పెదనాయన కోర్టులో వ్యాజ్యం ఓడిపోయినాడు, ఆ పొద్దు ఆమె ఎదురొచ్చిందంట. వకీలు ఆ పూట కోర్టుకే రాలేదన్న సంగతి ఎవరూ ఎత్తరు. మా ఎద్దుకు కాలు విరిగింది. అది యాడికీ ప్రయాణం కూడా కాలేదు, కొట్టంలో కట్టేసుండింది. అయినా పొద్దున్నే ఆమె మొహం చూసిందంట. ఎద్దు వచ్చి చెప్పినట్టు చెప్పింది మా అవ్వ. ఇక నా ప్రయాణానికి కొన్ని నెల్ల ముందు మా మామ మా ఇంటినుంచి పోతా బస్సు దిగబోయి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆ రోజు చిన్నమ్మ కిటికీలోంచి కనిపించిందని అన్నారు. అప్పుడు అవ్వ తేల్చి చెప్పేసింది. "ఇంకోపాలి ఇట్టాంటిది జరిగిందా, దాన్ని దాని తమ్ముడింటికి పంపించేస్తా. నా బిడ్డల్ని నేను కాపాడుకోవాల."

చిన్నమ్మ తమ్ముడు తడ ఊరికి అవతల ఉండేవాడు. ఆయన మంచోడే. ఆయన భార్య మాత్రం, చుట్టంగా పోయిన చిన్నమ్మకు రెండో పూట అన్నం పెట్టాల్సొస్తాదని గిన్నెలు ఎత్తేసిన మనిషి. అక్కడికి పోతే చిన్నమ్మ బతుకు ఏమయ్యేదో మా ఇంట్లో అందరికీ తెలుసు, అవ్వకు ఇంకా బాగా తెలుసు.

సరే, ముహూర్తం వచ్చింది. బండికి డేరా కట్టినాను, బియ్యం, చింతపండు, ఎండుచేపలు, ఒక సత్తుగిన్నె, కిరసనాయిలు లాంతరు కట్టినాను. ఖాకీ నిక్కరు వేసినాను. చిన్నమ్మ వెనక గదిలోకి పోయి తలుపేసుకుంది. పక్కింటక్కను మంచి ఎదురుకోసం మాట్లాడిపెట్టింది మా అమ్మ. ఆమెకు మొగుడు, అరడజను బిడ్డలు, మొహాన ఇంత బొట్టు, చేతుల్నిండా గాజులు. శకునానికి అంతకంటే నిండు మనిషి మా పల్లెలో దొరకదు. ఆమె నీళ్ళ కడవ చంకనెత్తుకోని వీధి మలుపులో సిద్ధంగా నిలబడింది. మా నాయన చెయ్యి ఊపినాడు. ఆమె గాజులు మోగించుకుంటా ఎదురొచ్చింది. నేను కిక్కు కొట్టినాను. బండి లేవలేదు.

ఆమె వెనక్కి పోయి మళ్ళీ వచ్చింది. నేను మళ్ళీ కొట్టినాను. లేవలేదు. మూడోసారి వచ్చేసరికి కడవలో నీళ్ళు తొణికి ఆమె కోక సగం తడిసిపోయింది. తర్వాత ఎన్నిసార్లు వచ్చిందో ఆమే చెప్పాల. చివరికి కడవ దభీమని దించి, "అబ్బయా, నీ బండి లేస్తే కబురు చెయ్యి, అప్పుడొస్తా. నాకు పొయ్యి మీద పప్పుండాది," అని పోయింది. చూడొచ్చిన వీధి జనం నవ్వినారు. కొంతమంది చెట్టు నీడకు పోయినారు, కొంతమంది ఇళ్ళకు పోయినారు. నేను ప్లగ్గు ఊడదీసి తుడిచి, కార్బురేటరు విప్పి ఊది, బిగించి, దొరని వాళ్ళ తాతల్ని తిట్టుకుంటా కూర్చున్నాను. వీధి నిశ్శబ్దమైపోయింది.

ఆ నిశ్శబ్దమే కొంప ముంచింది. లోపలున్న చిన్నమ్మ నేను వెళ్ళిపోయినాననుకుంది. పాపం, ఆమెకు మాత్రం పనులుండవా? ఉతికిన గుడ్డల బుట్ట ఎత్తుకోని, ముందరి కంచె మీద ఆరేసేదానికి సందులోంచి బయటికొచ్చింది. సరిగ్గా అప్పుడే నేను కసిగా ఒక్క కిక్కు కొట్టినాను. బండి భగ్గుమని లేచింది. తలెత్తి చూస్తే ముందు చక్రానికి నాలుగు బారల దూరంలో చిన్నమ్మ, నుదుట బొట్టు లేకుండా, చేతుల్లో తడిగుడ్డలతో.

అవ్వ అరుగు మీదనుంచి కేకేసింది. "దిగరా! దిగి లోపలికి రా! కూర్చోని నీళ్ళు తాగి పో!" మా అమ్మ రొమ్ము మీద చెయ్యేసుకుంది. మా నాయన పంచాంగం పట్టుకోని పరుగెత్తుకొచ్చినాడు. దిగితే బండి ఆపాల. ఆపితే మళ్ళీ లేవాలంటే ఇంకో పంచాంగం రావాల. నేనేదో మూఢనమ్మకాల మీద యుద్ధం చేసినానని తర్వాత కొంతమంది మెచ్చుకున్నారు, అదంతా ఒట్టిది. లేచిన ఇంజను ఆపబుద్ధి కాలేదు, అంతే. గేరు వేసి వదిలినాను. పక్కనుంచి పోతా పోతా చూస్తే చిన్నమ్మ కంచెవైపు తిరిగి, తడిగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకోనుంది.

కోట ఊరు దాటేదాకా గాలి మొహానికి తగులుతుంటే గొప్ప సంబరంగా ఉండింది. ఆ తర్వాత బుర్రకు ఎక్కింది. నాకు చిన్న గీత పడినా చాలు. చెయ్యి విరగనక్కర్లేదు, కాలు మెలికపడితే చాలు. అవ్వ ఆమెను తడ అవతలకు పంపించేస్తాది. చచ్చిపోతే ఇక చెప్పేదే లేదు. అంటే నేను ఈ కొండలన్నీ ఎక్కి దిగి, ఒంటి మీద ఒక్క మచ్చ లేకుండా, పెళ్ళికొడుకులాగా ఇంటికి తిరిగి రావాల. సాహసయాత్రకని బయల్దేరితే సంగతి ఇట్టా అయింది.

ఆ క్షణం నుంచి నా అంత జాగ్రత్తైన సాహసికుడు జిల్లాలోనే లేడు. గుంత కనిపిస్తే దిగి తోసుకోని పోయినాను. బర్రె కనిపిస్తే ఆగి దారిచ్చినాను. గూడూరు దాటినాక నన్ను దాటిపోయిన వాహనాల్లో ఒక ఎద్దుబండి కూడా ఉండింది. బండివాడు వెనక్కి తిరిగి, "పెట్రోలు అయిపోయిందా నాయనా, ఎత్తుకోమంటావా?" అని అడిగినాడు. ఆ దోవంతా అభ్రకం పొడి. ఎండకు రోడ్డు మెరిసిపోతుండింది. నా బండి, నా మొహం, నా మీసాలు కూడా మెరిసిపోయినాయి. రాపూరు చేరేసరికి నాటకంలో రాజు వేషం మాదిరిగా ఉన్నాను.

రాపూరులో కాఫీ హోటలు ముందు ఆగితే జనం మూగినారు. యాడికని అడిగినారు. కొండకన్నాను. ఒక్కడివేనా అన్నారు. ఒక్కణ్ణే అన్నాను. ఎందుకన్నారు. ఊరికే అన్నాను. అందరూ మొహమొహాలు చూసుకున్నారు. హోటలు పెద్దాయన గల్లా వదిలిపెట్టి వచ్చి నా భుజం మీద చెయ్యేసినాడు. "ఇంట్లో ఏమన్నా అన్నారా నాయనా?" అన్నాడు మెల్లగా. అనలేదన్నాను. "పరీక్ష పోయిందా?" లేదన్నాను. "ఆ అమ్మాయి ఇంకొకర్ని చేసుకుందా?" అమ్మాయే లేదన్నాను. ఆ జవాబుకు ఆయనకు అనుమానం ఇంకా గట్టిపడింది. నన్ను బల్ల ముందు కూర్చోబెట్టి ఇడ్లీలు పెట్టించి, పక్కన కూర్చోని, బతుకెంత విలువైందో, కన్నోళ్ళు ఎంత కష్టపడి పెంచుతారో, తానెన్ని అప్పుల్లోంచి బయటపడినాడో చెప్పినాడు. ఎవరో ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు కూడా. ఇడ్లీలు బాగుండినాయి కాబట్టి నేను బుద్ధిగా విన్నాను. "కొండకు పోను, తిరిగి ఇంటికి పోతా," అని మాటిచ్చి, ఊరి చివర తిరుక్కోని కొండ దోవ పట్టినాను.

రాపూరు దాటినాక అడివి. దోవంటే దోవ కాదు, వెదురు కొట్టుకొచ్చే బండ్ల జాడ. ఒకపక్క బండలు, ఒకపక్క లోయ, మధ్యలో గులకరాళ్ళు. చక్రం పెడితే రాళ్ళు జారతాయి, కాలు పెడితే కాలు జారతాది. ముళ్ళకంపలు రెండు పక్కలనుంచీ పలకరించేవి. నేను ఒక్కొక్క కొమ్మనీ చేత్తో పక్కకు తీసి, నమస్కారం పెట్టి, ముందుకు పోయినాను. ఎర్రచందనం చెట్లు, వెదురు పొదలు, ఎప్పుడూ వినని పిట్టల కూతలు. మాపటేళకు ఒక సెలయేటి పక్కన చదునుగా ఉంటే బండాపి డేరా వేసినాను. ఆ కొండల్లో ఎర్ర కుచ్చుల డేరా పడడం సృష్టి మొదలైనాక అదే మొదటిసారి అయ్యుంటాది. కోతులు వచ్చి కొమ్మలమీద వరసగా కూర్చోని చూసినాయి. భోజనాల బంతి మొదలయ్యేదెప్పుడని కాచుకున్నట్టుండింది.

పొయ్యి వెలిగించి అన్నం వండినాను. పైన మాడింది, కింద మాడింది, మధ్యలో బియ్యం. ఎండుచేపలు నిప్పులమీద కాల్చినాను. మా సముద్రపోళ్ళకు ఎండుచేప వాసనంటే అమ్మ వాసన. అడివిలో దాన్ని కాల్చకూడదన్న ఇంగితం మాకెందుకుంటాది? మా ఊళ్ళో ఆ వాసనకు వచ్చేవి కుక్కలు, కాకులే. ఇక్కడ సెలయేటికి ఆ పక్క పొద కదిలింది. నల్లగా, బొచ్చుగా, ముక్కు పైకెత్తి గాలి పీలుస్తా ఎలుగొడ్డు బయటికొచ్చింది. ఇంకా వెలుతురు పోలేదు, దాని గోళ్ళు కూడా కనిపించినాయి.

మనిషన్నవాడికి అప్పుడు ప్రాణభయం కలగాల. నాకు కలిగింది గానీ, దాని ముందు ఇంకో ఆలోచన వచ్చింది. ఎలుగొడ్డు మొహం మీద గీరుతాదని విన్నాను. మొహం మీద గీరితే అవ్వకు ఏమని చెప్పేది? గడ్డం గీసుకుంటా కోసుకున్నానని చెపితే నమ్మతాదా? ఎగిరి బండెక్కి కిక్కు కొట్టినాను. బండి చప్పుడుకు అది పారిపోతాదని నా ఎత్తు. బండి లేస్తే గదా. కొట్టినాను, కొట్టినాను, చెమటలు కారేదాకా కొట్టినాను. ఎలుగొడ్డు అక్కడే కూర్చోని మా ఊరి జనంలాగా కాసేపు చూసింది. తర్వాత దానికీ విసుగొచ్చి వెళ్ళిపోయింది. మిగిలిన చేపలు ఏట్లో పారేసినాను. అంత బాధ నాకు ఆ ప్రయాణంలో ఇంకెప్పుడూ కలగలేదు.

తెల్లవారుజామునే బండి అక్కడే పెట్టి శిఖరానికి నడిచినాను. దాని గురించి వెటకారం చేయడం నాకు చేతకాదు. పైకి చేరేసరికి ఎండ అప్పుడే పడతా ఉండింది. పడమటి పక్క చూస్తే కొండ వెనక కొండ, కొండ వెనక కొండ, అంతులేదు. తూర్పు పక్క మా జిల్లా అంతా చాపపరిచినట్టు చదునుగా పడుండింది. దాని అంచున ఎక్కడో ఒక తెల్లటి మెరుపు. సముద్రమో, పొగమంచో తేల్చుకోలేకపోయినాను. సముద్రమే అనుకున్నాను. ఒక్కణ్ణే ఉన్నాను. ఎవరి ఎదురూ లేదు, ఎవరి ముహూర్తమూ లేదు. గొంతు చించుకోని అరిచినాను. సంతోషం పట్టలేక కళ్ళెంబడి నీళ్ళొచ్చినాయి, సిగ్గుపడకుండా ఏడ్చినాను.

అప్పుడు చిన్నమ్మ గుర్తొచ్చింది. ఇంత లోకం ఉందని ఆమెకు ఎవరు చెప్తారు? నాయుడుపేట సంతకు కూడా ఆమె పోయి ఎన్నో ఏళ్ళయింది. పోవాలంటే వీధిలోకి రావాల. వీధిలో ఎప్పుడూ ఎవరో ఒకరు యాడికో ఒకచోటికి బయల్దేరతానే ఉంటారు. ఆమె బయటికొస్తే లోకం ఆగిపోతాది. తిరిగి వెళ్ళినాక ఈ కొండను ఆమెకు పూసగుచ్చినట్టు చెప్పాలని అనుకున్నాను.

కొండ ఎక్కేటప్పుడు నన్నేం చేయలేని దేవుడు దిగేటప్పుడు చేసినాడు. ఆ మరుసటి రోజు ఇంటిదోవ పట్టినాను. బండి విచిత్రంగా తొలి కిక్కుకే లేచింది. అప్పుడే అనుమానపడాల్సింది. ఒక ఏటవాలు కాడ దిగి, గేర్లో పెట్టి, మెల్లగా నడిపించుకుంటా దించుతున్నాను. వెనక చక్రం కింద రాయి జారింది. బండి నామీదకు ఒరిగింది. కింద లోయ. పడిపోనిస్తే బండి పోతాది, దానితోపాటు నేనూ పోతాను. పిక్క అడ్డం పెట్టి నిలబెట్టినాను. కాలుతున్న సైలెన్సరు నిక్కరు కింద ఒట్టి పిక్కకు అతుక్కోని, నేను బండిని నిలబెట్టుకునేదాకా అక్కడే ఉండిపోయింది. నేను పెట్టిన కేకకు కోతులు చెట్లు మారినాయి.

దిగువన సెలయేటి నీళ్ళలో కాలు పెట్టుకోని చాలాసేపు కూర్చున్నాను. చర్మం అరచెయ్యంత మేర ఊడొచ్చింది. డేరాకున్న ఎర్ర కుచ్చు ఒకటి చింపి కట్టు కట్టుకున్నాను. దర్జీ సాయిబు పెట్టిన కుచ్చులు పనికొచ్చింది అప్పుడే. నొప్పి ప్రాణం తీస్తుంటే నేను ఆలోచించింది ఒకటే. ఇది నిక్కరు కింద కనపడతాది. పంచె కింద కనపడదు. రాత్రిళ్ళు కప్పుకునేదానికని తెచ్చుకున్న పంచె తీసి చీలమండల దాకా కట్టుకున్నాను. పంచె కట్టుకోని మోటారు సైకిలు మీద కొండ దిగిన వీరుణ్ణి చూసి రాపూరు హోటలు పెద్దాయన ఏమనుకునేవాడో గానీ, నేను అక్కడ ఆగలేదు.

ఇంటికి చేరితే వీధి వీధంతా వచ్చింది. అవ్వ నన్ను అరుగు దగ్గరే నిలబెట్టి తల నిమిరింది, మొహం చూసింది, చేతులు రెండూ తిప్పి తిప్పి చూసింది, చొక్కా ఎత్తి వీపు చూసింది. సంతలో ఎద్దును కూడా అంత శ్రద్ధగా చూడరు. పంచె దాకా రాలేదు. "గీత లేదు," అని తీర్పు చెప్పింది. అమ్మ దిష్టి తీసి పారేసింది. నేను నొప్పి పళ్ళబిగువున ఆపుకోని, దసరా వేషగాడిలాగా నవ్వుతా నిలబడినాను.

ఇక క్షేమంగా వచ్చినందుకు ఘనత ఎవరిదని పంచాయితీ మొదలైంది. మా నాయన ముహూర్తబలం అన్నాడు. మా అమ్మ తాను వెంకటేశ్వరుడికి మొక్కుకున్న మొక్కు అనింది. నా తల వెంట్రుకలు ఇచ్చేస్తానని మొక్కుకుందంట, నన్నడక్కుండా. పక్కింటక్క అందర్నీ తోసుకోనొచ్చి, "కడవెత్తుకోని అన్నిసార్లు తిరిగినానే, నడుం పట్టేసిందే, అది ఊరికే పోతాదా?" అనింది. నాకు ఒళ్ళు మండింది. "మరి చివరాకర్న ఎదురొచ్చింది చిన్నమ్మ గదా? ఆమె శకునం మంచిదేగా? క్షేమంగా వచ్చినానుగా?" అన్నాను. అవ్వ తడుముకోకుండా, "ఇన్ని మొక్కులూ మొక్కబట్టే గదరా ఆ కీడు కొట్టుకుపోయింది," అనింది. గెలిస్తే అందరిదీ, ఓడితే ఒకరిదీ. ఎంత చక్కటి శాస్త్రమో చూడండి. అయితేనేం, చిన్నమ్మను తమ్ముడింటికి పంపే మాట ఇక రాదు. నాకదే చాలనిపించింది. ఆ పూట కడుపునిండా తిన్నాను.

మరుసటి పొద్దున బావికాడ మొహం కడుక్కుంటుంటే చిన్నమ్మ వచ్చింది. చుట్టూ ఎవరూ లేరు. కొండ సంగతులు మొదలుపెట్టబోయినాను. శిఖరం మీదనుంచి సముద్రం కనిపించిందని చెప్పబోయినాను.

"పంచె పైకి తియ్యి," అనింది.

"ఎందుకు?"

"నువ్వు ఇంట్లో ఎప్పుడన్నా పంచె కట్టినావా? రాత్రి పీట మీద కూర్చునేటప్పుడు కాలు ముడవలేదు. తియ్యి."

తియ్యక తప్పలేదు. కట్టు ఆమే విప్పింది. చూసింది. చూసి బావిగట్టు మీద కూలబడిపోయింది. "ఏం కాలేదు చిన్నమ్మా. సైలెన్సరు తగిలింది. బండి తోలేవాళ్ళందరికీ ఎప్పుడోకప్పుడు కాలతాదిది. మెకానిక్కులకైతే రెండు కాళ్ళకీ ఉంటాది," అన్నాను. ఆమె నా మాటలు విన్నట్టు లేదు. వంటింట్లోకి పోయి సున్నపుతేట, టెంకాయ నూనె తెచ్చింది. వేలితో కలిపి పుండు చుట్టూ రాసింది. ఈ మూడు నాలుగు దినాలు ఆమె సరిగా అన్నం తినలేదని మొహం చూస్తేనే తెలిసిపోతుండింది.

"అవ్వకు తెలియదులే," అన్నాను. "ఎవరికీ తెలియదు. నిన్ను యాడికీ పంపరు."

"పంపితే పోతాను రా," అనింది. "తమ్ముడింటికి పోయి అంట్లు తోముకుంటా. ఈ తోమేదే అక్కడా తోముతా. వాళ్ళంతా అనేమాటలు ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేస్తా ఇన్నేళ్ళూ బతికినాను. అది కాదు. ఇప్పుడు నీ కాలు చూడగానే, అయ్యో నేను ఎదురుపడకుండా ఉంటే బాగుండేదే అని నాకే అనిపించింది. వాళ్ళంటే పడతాను. నాకే అనిపిస్తే యాడికి పోయేది?"

అన్నిటికీ ఎదురు జవాబు చెప్పే నోరు నాది. హోటలు పెద్దాయనకు చెప్పినాను, అవ్వకు చెప్పినాను, మా నాయన పంచాంగానికి చెప్పినాను. ఆమెకు చెప్పగలిగింది ఒక్కటే. రాయి జారింది చిన్నమ్మా, రాయి, అన్నాను. ఆమె తలూపింది, చిన్నపిల్లవాడు ఏదో చెప్తే ఊకొట్టినట్టు. పాత కోక చింపి కొత్తగా కట్టు కట్టి, పంచె కిందికి దించి సర్దింది.

"ఎవరికీ చెప్పబాకు నాయనా," అనింది, కాలు కాల్చింది తానే అయినట్టు.

ఆమె ఉన్నన్నాళ్ళూ చెప్పలేదు.